రెండు గుర్రాల మీద ఇబ్రహీంపట్నం

రిజల్ట్, ఇన్సల్ట్ అనే మాటలు ఇవ్వాళ తెలుగు మాటలే. బడి ముఖం చూడని మా అమ్మమ్మ కూడా ‘పిలగాని రిజల్టు వచ్చిందా’ అని అడిగేది. పెళ్ళిలో మర్యాద తక్కువైతే ‘ఇన్సల్టు చేసిన్రు’ అని అలిగేది. ఈ రెంటికీ లాటిన్‌లో మూలం ఒకటే: దూకడం. ఎగిరి తిరిగొచ్చి పడేది రిజల్ట్. మీదికి దూకేది ఇన్సల్ట్. అసాల్ట్, సోమర్‌సాల్ట్ కూడా ఆ ఇంటివే. ఆ కుటుంబంలో ఇంకో పిల్ల ఉంది. అది తెలుగిళ్ళలోకి ఎప్పుడూ రాలేదు గానీ, నేను బీటెక్ చదివిన నాలుగేళ్ళూ సాగర్ రోడ్డు మీద తిరిగే కాలేజీ బస్సుల్లో మాత్రం రోజూ వినపడింది. దాని పేరు డిసల్టరీ.

అర్థం తెలియనివాళ్ళ కోసం: దారీతెన్నూ లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి పోయేది, మనసు పెట్టకుండా పైపైన చేసేది. విశేషణం. పక్కన నామవాచకం లేకపోతే నిలబడలేదు.

ఇబ్రహీంపట్నం అనగానే విజయవాడ వాళ్ళు థర్మల్ స్టేషన్ ఉన్న తమ ఊరే అనుకుంటారు. నేను చెప్పేది రంగారెడ్డి జిల్లాది, హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ పోయే దారిలో ఉన్నది. రెండువేల సంవత్సరం తర్వాత ఆ రోడ్డుకి అటూ ఇటూ, మంగళ్‌పల్లి, శేరిగూడ చుట్టుపక్కల, జొన్న చేలల్లోంచి ఇంజనీరింగ్ కాలేజీలు లేచాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక, ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళు వేలమంది ఆ రోడ్డెక్కారు. అందులో కొంతమందికి రెండో ఏడు దాటేసరికి ఇంకో పుస్తకం తోడయ్యేది. బ్యారన్స్. జీఆర్ఈకి చదివేవాళ్ళందరికీ అదే బైబిలు, అదే భగవద్గీత, అదే ఖురాను. అందులో మూడున్నర వేల మాటల జాబితా. అసలు పుస్తకం కోఠీ ఫుట్‌పాత్ మీద పాతది దొరికితే అదృష్టం, లేదంటే స్పైరల్ బైండింగ్ వేసిన జిరాక్సు.

ఆ పరీక్షలో అప్పుడు యాంటోనిమ్స్ అని ఒక విభాగం ఉండేది. ఒకే ఒక్క మాట పెద్ద అక్షరాల్లో, కింద అయిదు జవాబులు. సరిగ్గా వ్యతిరేకమైనదాన్ని ఎంచాలి. వాక్యం లేదు, సందర్భం లేదు, ఎవరు ఎవరితో అన్నారో లేదు. 2011 ఆగస్టులో పరీక్ష మార్చినప్పుడు ఆ విభాగాన్ని, దాంతోపాటు అనాలజీలనీ తీసేశారు. అప్పటిదాకా ఒక తరం మొత్తం ఇంగ్లీషు మాటల్ని చింతగింజల్లా లెక్కబెట్టి మూట కట్టుకుంది. డిసల్టరీ అంటే ఏమిటి? పద్ధతిగలదానికి వ్యతిరేకం. అంతే. టిక్కు పెట్టు, ముందుకు పో.

గుర్తుండడానికి మేం కట్టుకున్న కిటుకులు ఇప్పుడు తలచుకుంటే ముచ్చటేస్తుంది. డి-సాల్ట్-అరీ, అంటే సాల్ట్ తీసేసినది, ఉప్పూ కారం లేనిది అని ఒకడు చెప్పాడు. బస్సంతా అదే పట్టుకుంది. ఉప్పుకీ ఈ మాటకీ ఏ సంబంధమూ లేదు. ఆ సాల్ట్ లోపల ఉన్నది దూకుడు. కానీ కిటుకు పనిచేసింది. ‘ఉప్పు లేని ముచ్చట’ అంటే డిసల్టరీ కన్వర్జేషన్‌కి దాదాపు దగ్గరే కదా.

వాక్యాల్లో వాడి చూపించమనే ఒక సారు ఉండేవారు మాకు. ఆయన పుణ్యమా అని ఈ మాటని మేం నాలుగైదు నామవాచకాల పక్కన కూచోబెట్టాం. డిసల్టరీ అటెంప్ట్, డిసల్టరీ రీడింగ్, డిసల్టరీ కన్వర్జేషన్, డిసల్టరీ ఫైరింగ్. ‘హి మేడ్ ఏ డిసల్టరీ అటెంప్ట్ టు క్లీన్ ది రూమ్’ అని నేను రాసిన వాక్యం. మా రూమ్మేట్ ‘ది రెయిన్ ఈజ్ డిసల్టరీ ఇన్ అవర్ విలేజ్’ అని రాశాడు. సారు అరనిమిషం ఆలోచించి, తప్పు కాదు గానీ ఎవరూ అలా రాయరు అన్నారు. మాల్ దగ్గరి పల్లెలో ఆరెకరాల మెట్ట ఉన్న ఇంటి పిల్లవాడికి, ఆ విశేషణం పక్కన వానే కూచుంటుంది మరి.

రోమన్ల కాలంలో ఈ మాట వెనక ఉన్నది ఒక మనిషి పేరు. డిసల్టర్. సర్కస్‌లో రెండు గుర్రాల్ని పక్కపక్కన పరిగెత్తిస్తూ, ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకే రౌతు. మన ఊళ్ళో దొమ్మరివాళ్ళ ఆట చూసినవాళ్ళకి ఆ పని ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. గుర్రాల అడుగు కలవాలి, దూకేవాడి ఊపిరి ఆ అడుగుతో కలవాలి. అరక్షణం తేడా వస్తే డెక్కల కింద పడతాడు. అంతకంటే మనసు పెట్టి చేసే పని ఇంకొకటి ఉంటుందా?

చరిత్రకారుడు లివీ దీన్ని యుద్ధంలో చూపిస్తాడు. క్రీ.పూ. 215, స్పెయిన్‌లో రోమన్లతో కార్తేజ్ యుద్ధం. హానిబాల్ తమ్ముడు హస్‌ద్రుబాల్ సైన్యంలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన నుమిడియా రౌతులున్నారు. వాళ్ళలో కొంతమందికి మనిషికి రెండు గుర్రాలు. పోరు మంచి వేడి మీద ఉన్నప్పుడు, ఆయుధాలతో సహా, అలిసిన గుర్రం మీంచి అలవని గుర్రం మీదికి సర్కస్ రౌతుల్లాగే దూకేవాళ్ళని లివీ రాశాడు. ఈ వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్ళు దూకింది మనసు నిలవక కాదు. కింద ఉన్న గుర్రం అలిసింది కాబట్టి.

మరి పొగడ్త కావాల్సిన మాట తిట్టెలా అయింది? రోమన్ల చేతుల్లోనే కొంత అయింది. ఒక ప్రేమ నుంచి ఇంకో ప్రేమకు దూకేవాణ్ణి ఓవిడ్ ఈ మాటతోనే పిలిచాడు, తను అలాంటివాణ్ణి కాదని చెప్పుకోడానికి. (ఓవిడ్ చెప్పాడు కాబట్టి మనం నమ్మనక్కర్లేదు.) ఇంగ్లీషులోకి వచ్చింది 1580లలో. 1755లో జాన్సన్ నిఘంటువు వేసే నాటికి నిలకడ లేని, పద్ధతి లేని అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ తర్వాత అరమనసుతో చేసే పని అన్న అర్థం కూడా వచ్చి చేరింది. గుర్రాలు మాయమయ్యాయి. రౌతు మాయమయ్యాడు. మైదానం గట్టు మీద కూచుని ‘వీడొక చోట ఉండడేం’ అని చూస్తున్నవాడి కన్ను ఒక్కటే ఆ మాటలో మిగిలింది.

దక్కనుకి ఈ మాట గుర్రాల వెంటే వచ్చింది. కంపెనీ కాలపు బ్రిటిష్ రచయితలు మరాఠా గుర్రపు దళాల గురించి రాసిన చోట ‘డిసల్టరీ వార్‌ఫేర్’ అన్న జంట మాట తరచూ తగులుతుంది. ఎదురెదురుగా బారులు తీరి నిలబడి కొట్టుకోరు. వస్తారు, కొడతారు, చెల్లాచెదురై పోతారు, వెనకనుంచి ధాన్యం బళ్ళని ఆపేస్తారు. పద్ధతి లేని యుద్ధం అని తేల్చేశారు. నిజానికి దక్కనులో ఆ పద్ధతికి అప్పటికే రెండు వందల ఏళ్ళ పాఠం ఉంది. అహ్మద్‌నగర్ కోసం మొఘలులతో తలపడిన మాలిక్ అంబర్, ఆఫ్రికా నుంచి బానిసగా అమ్ముడై వచ్చి సేనానిగా ఎదిగినవాడు, 1626లో చనిపోయేదాకా పోరాడింది ఇలాగే. దానికి బర్గీగిరీ అని పేరు కూడా ఉంది. పేరున్న పద్ధతిని పద్ధతి లేనిదనడం ఎట్లా? సొంత లెక్కలో ఇమడకపోతే అనొచ్చు. పెద్ద ఫిరంగులూ ఏనుగులూ ఉన్నవాడితో బారులు తీరి కొట్లాడితే ఓడేది ఎవరో మాలిక్ అంబర్‌కి తెలుసు.

సరే, ఇక ఇబ్రహీం దగ్గరికి రావాలి. ఊరి పేరు ఆయనది, ఊరి చెరువు ఆయన కాలానిది. అక్కడ నాలుగేళ్ళు చదివిన మాలో చాలామందికి ఈ ఇబ్రహీం ఎవరో తెలీదు. ఎవరూ చెప్పలేదు, అది సిలబస్‌లో లేదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా. గోల్కొండ రాజ్యం నిలబెట్టిన సుల్తాన్ కులీ కొడుకుల్లో చిన్నవాడు. 1543లో తండ్రి హత్య జరిగింది, వెనక ఉన్నది అన్న జంషీద్. ఇంకో అన్నకి కళ్ళు తీయించాడు. ఇబ్రహీం ముందు బీదరుకి, అక్కణ్ణుంచి విజయనగరానికి పారిపోయాడు. అళియ రామరాయలు ఆశ్రయమిచ్చాడు. ఏడేళ్ళు అక్కడే. ఇరవై దాటని వయసులో పరాయి కొలువులో ఏడేళ్ళు ఉంటే మనిషికి భాష అంటుతుంది, తిండి అంటుతుంది, పాట అంటుతుంది. 1550లో జంషీద్ చనిపోయాక తిరిగొచ్చి గోల్కొండ గద్దెనెక్కాడు. ఎక్కినవాడికి తెలుగు వచ్చు.

వచ్చు అంటే మాట్లాడడం వరకే కాదు. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. తెలుగు కవులు ఆ పేరుని తమ నోటికి తిప్పుకుని మల్కిభరాముడన్నారు. మాలిక్ ఇబ్రహీం, మల్కిభరామ్! సుల్తాను పేరు చివర రాముడు వచ్చి కూచున్నాడు. ఆయన ఏలుబడిలోనే పటాన్‌చెరు అమీన్ ఖాన్‌కి పొన్నగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రము అంకితమిచ్చాడు. సంస్కృతం ముట్టకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యం అది. అచ్చ తెలుగు కోసం ముచ్చటపడ్డవాడు ఒక ఖాన్ అన్న సంగతి మన భాషాభిమానుల ఉపన్యాసాల్లో ఎందుకో తక్కువ వినబడుతుంది.

పారశీకం ఒక గుర్రం, తెలుగు ఒక గుర్రం. మన సామెతలో రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు మునుగుతాడు. ఇబ్రహీం మునగలేదు, ముప్ఫై ఏళ్ళు ఏలాడు. 1580లో పోయాడు, సరిగ్గా ఇంగ్లీషులోకి డిసల్టరీ వస్తున్న దశాబ్దం మొదట్లో. ఇది ఉత్త కాకతాళీయం, దీన్నించి ఏమీ పిండక్కర్లేదు, కానీ నాకు ఇష్టం.

అయితే దూకేవాడల్లా అమాయకుడని చెప్పడం లేదు. ఇబ్రహీం పొత్తులు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే తల తిరుగుతుంది. ఒకసారి రామరాయలతో కలిసి అహ్మద్‌నగర్ మీదికి, ఇంకోసారి అహ్మద్‌నగర్‌తో వియ్యం. చివరికి 1565లో, మనం తళ్ళికోట అని పిలిచే యుద్ధంలో, తక్కిన సుల్తానులతో కలిసి రామరాయల మీదికి. ఏడేళ్ళు అన్నం పెట్టిన ముసలాయన తల ఆ యుద్ధంలో తెగింది. దాన్ని రాజనీతి అనొచ్చు, నేను అనలేను. రామరాయలు కూడా సుల్తానుల్ని ఒకరి మీదికి ఒకర్ని ఉసిగొల్పుతూ బతికినవాడే అనే వాదన ఉంది, అది నిజం కూడా. అయినా అన్నం అన్నమే.

అదే మనిషి చెరువులు తవ్వించాడు. హుస్సేన్ సాగర్ ఆయన కాలానిదే, మూసీ మీద పురానాపూల్ 1578లో ఆయన కాలంలోనే పూర్తయింది. చెరువు పని గుర్రం మీంచి అయ్యేది కాదు. వాలు చూడాలి, కట్ట పొయ్యాలి, తూము పెట్టాలి, అలుగు ఎక్కడ దూకాలో ముందే అనుకోవాలి, ఎవరి మడికి ఎన్ని గడియల నీళ్ళో లెక్క కట్టాలి. ఊళ్ళు కదలకుండా ఉంటేనే చెరువు. కొలువులు మార్చినవాడు, పొత్తులు మార్చినవాడు, భాషలు మార్చినవాడు ఈ కదలని పనికి పూనుకున్నాడు. ఆ కట్ట మీదే మేం సాయంత్రాలు కూచునేవాళ్ళం. మా రోజుల్లో చెరువులో నీళ్ళు తక్కువ, తుమ్మలు ఎక్కువ. పైనుంచి వాగులు వచ్చే దారులన్నీ ప్లాట్లయ్యాయని గొర్లు కాసేవాళ్ళు చెప్పేవాళ్ళు. జిరాక్సు కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఒకరినొకరం అడుక్కునేవాళ్ళం. డెస్పాట్? నియంత. డెస్టిట్యూట్? దిక్కులేనివాడు. డిసల్టరీ? ఉప్పు లేనిది.

ఇంతకీ తెలుగులో ఈ మాటని ఏమనాలి? ఒక్క మాట దొరకదు. పక్కన కూచున్న నామవాచకాన్ని బట్టి మారిపోతుంది. డిసల్టరీ కన్వర్జేషన్ అంటే లోకాభిరామాయణం. డిసల్టరీ అటెంప్ట్ అంటే మొక్కుబడి ప్రయత్నం, లేదా తూతూమంత్రం. ఎడాపెడా కాకుండా ఆగి ఆగి పేలే డిసల్టరీ ఫైరింగ్ అంటే అడపాదడపా కాల్పులు. మావాడు రాసిన డిసల్టరీ వానకి కూడా అడపాదడపా సరిపోతుంది, అంటే తెలుగులో వాడి వాక్యం ఒప్పే. ఎటూ తేల్చకుండా చెప్పే జవాబుని ముక్తసరి అంటారు కొందరు, కానీ అది పొడిగా తెంచేయడం, దూకడం కాదు.

ఈ జాబితా వేసుకుని చూస్తే ఒక తమాషా బయటపడింది. లోకాభిరాముడంటే లోకానికి ప్రియమైన రాముడు. ఆయన పేరుతో మొదలయ్యే మాట పొద్దుపోని కబుర్లకి పేరైంది. మొక్కుబడి అంటే దేవుడికి మొక్కుకుని చెల్లించేది. పిల్లాడికి జ్వరం తగ్గితే కొండకి నడిచొస్తానని మొక్కుకున్న తల్లి అరమనసుతో నడుస్తుందా? ముక్తసరి అరబ్బీ ముఖ్తసర్, పారశీకం, ఉర్దూల మీదుగా మనదాకా వచ్చింది. అక్కడ దానర్థం క్లుప్తం, అంటే రాసేవాడికి ఉండాల్సిన గుణం. కాలక్షేపం హరికథకు పేరు, తెల్లవార్లూ ఊరు ఊరంతా మేలుకుని విన్నది. నిండు మనసుతో మొదలైన పనులన్నీ ఎక్కడో దారిలో సగం మనసు మాటలైపోయాయి. రోమన్ రౌతు ఒంటరివాడేం కాదు.

వీటన్నిటికంటే పెద్ద పల్టీ కొట్టిన మాట పూజ్యం. పూజించదగినది కూడా పూజ్యమే, సున్నా కూడా పూజ్యమే. 1930లలో ఒక పండితుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న అర్థంలో రాసినప్పుడు ఆయన ఉద్దేశం సున్నా అనే. దానికి సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోల్కొండ కవుల సంచిక వేసి జవాబు చెప్పారు. 354 మంది కవులు. ఊరికొకరు, ఊరికిద్దరు. పటేలు గిరీ చేసుకుంటూ, బడిపంతులు పని చేసుకుంటూ, పౌరోహిత్యం చేసుకుంటూ, మధ్యమధ్య పద్యాలు రాసుకున్నవాళ్ళు చాలామంది. అచ్చు వేసే దిక్కు లేక పెట్టెల్లో పడి ఉన్న రాతలు. దూరంనుంచి చూసేవాడికి అది సున్నాలాగే కనిపించి ఉంటుంది. దగ్గరికొచ్చి ఊళ్ళవారీగా పిలిచి చూస్తే లెక్క వేరు.

మా తెలంగాణలో ఇంకో మాట ఉంది. ఊకె. ‘ఏం పని మీద వచ్చినవ్రా?’ ‘ఊకెనే వచ్చిన.’ ఇందులో ఎగతాళి లేదు. పని లేకుండా ఒక మనిషి ఇంకో మనిషి దగ్గరికి రావడం మర్యాదే. ఎవరైనా ఊకె రావడం మానేస్తే ఎందుకు రాలేదని అడుగుతారు. డిసల్టరీకి దగ్గరగా ఉండి కూడా తిట్టు కాని మాట నాకు ఇదొక్కటే దొరికింది. ఇంగ్లీషులో దీనికి సమానమైనదాన్ని వెదికి వెదికి మానేశాను.

డిసల్టరీ రీడింగ్‌ని మాత్రం నేను దేంతోనూ తెనిగించలేకపోయాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వంగి, కిరోసిన్ వాసన వేసే సోవియట్ పుస్తకం పక్కన చలం, చలం పక్కన పౌల్ట్రీ పెంపకం, దాని పక్కన అట్టలేని డిటెక్టివ్. ఇరవై రూపాయలకి మూడు. అలా చదివినవాళ్ళని నేను చాలామందిని చూశాను. ఒక పుస్తకంలో పాదసూచిక చూసి ఇంకో పుస్తకానికి దూకుతారు. వాళ్ళ చదువుకి సర్టిఫికెట్ ఉండదు, వాళ్ళతో ఒక గంట మాట్లాడితే గానీ అది ఉన్నట్టు కూడా తెలియదు. ఇది చదువుతున్న మీలో కూడా సగంమంది వాళ్ళే అని నా అనుమానం.

ఇవ్వాళ తెలుగులో, కుర్రకారు నోట్లో, డిసల్టరీకి అసలైన అనువాదం నిఘంటువుల్లో లేదు. ‘వానికి క్లారిటీ లేదురా.’ అదీ అనువాదం. పెళ్ళిచూపుల్లో వినపడుతుంది, ఇంటర్వ్యూల్లో వినపడుతుంది, బ్రేకప్ మెసేజ్‌లో వినపడుతుంది. మా రూమ్మేట్‌ని నాలుగేళ్ళలో ఎంతమంది ఆ మాటన్నారో లెక్కలేదు. వాడు చేరింది మెకానికల్. రెండో ఏడు ఊళ్ళో ట్రాక్టర్ మెకానిక్ దగ్గర సెలవులన్నీ గడిపాడు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఉర్దూ అలిఫ్ బే నేర్చుకున్నాడు, ఊకెనే. మూడో ఏడు బ్యారన్స్ కొన్నాడు. నాలుగో ఏడు ప్లేస్‌మెంట్లకి మెకానికల్ కంపెనీ ఒక్కటీ రాలేదు. అమీర్‌పేట పోయి జావా కోర్సులో చేరాడు. అది పూర్తి కాకముందే వాళ్ళ నాయిన మాట మీద గ్రూప్స్‌కి అశోక్‌నగర్‌లో గది తీసుకున్నాడు. నోటిఫికేషన్ రాలేదు. వానాకాలం ఊరికెళ్ళి పత్తి వేశాడు. పత్తి పోయింది. మళ్ళీ బ్యారన్స్ తెరిచాడు.

ఊళ్ళో వాణ్ణి ఆవారా అన్నారు. ఆ మాట కూడా పారశీకంలోంచి వచ్చిందే, తిరుగుడు మనిషి. వాళ్ళ నాయిన నాతో ఫోన్‌లో ‘ఒక్కదాన్ల కుదురుకుంటలేడు బిడ్డా, నువ్వన్న చెప్పు’ అన్నాడు. నాకు చెప్పడానికి ఏమీ దొరకలేదు. లివీ సంగతి అప్పుడు నాకు తెలీదు. తెలిసినా ఫోన్‌లో ఎట్లా చెబుతాను, మీవాడు దూకిన ప్రతిసారీ కింద గుర్రం ముందే కూలిపోయింది మామా, అని? కోర్ జాబులు లేని బ్రాంచి ఒక గుర్రం. రాని నోటిఫికేషన్ ఒక గుర్రం. రాలిన పత్తి ఒకటి. నుమిడియా వాడికి రెండే గుర్రాలు, వీడికి నాలుగు. రెండేళ్ళలో నాలుగు దూకుళ్ళు దూకి కింద పడకుండా ఉన్నాడంటే అది ఆషామాషీ కాదు.

అమెరికా యూనివర్సిటీలకి పంపే కాగితాల్లో స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అని ఒకటుంటుంది. పేరులోనే ఉంది, ఉద్దేశ ప్రకటన. రెండు పేజీల్లో మన బతుకంతా ఒకే గీత మీద నడిచినట్టు రాయాలి. చిన్నప్పుడు బొమ్మ కారు విప్పాను, అందుకే మెకానికల్ తీసుకున్నాను, అందుకే థర్మల్ సైన్సెస్‌లో ఎం.ఎస్., అందుకే మీ యూనివర్సిటీ. నేను మిత్రులకి రాసిపెట్టినవి పదీ పన్నెండు ఉంటాయి. అన్నిట్లోనూ ఎవడో ఒకడు చిన్నప్పుడు ఏదో ఒకటి విప్పాడు. ఆ కాగితం మనిషి నుంచి కోరేది ఒక్కటే: డిసల్టరీ కాకుండా ఉండడం. ఒక తరం పిల్లలు ఆ మాటకి వ్యతిరేకపదాన్ని పరీక్షలో టిక్కు పెట్టి, తర్వాత రెండు పేజీల్లో అదే తామని నమ్మించాల్సి వచ్చింది.

మావాడిది వాడే రాసుకున్నాడు. నాకు పంపాడు. ట్రాక్టరు ఉంది, ఉర్దూ ఉంది, పత్తి ఉంది. పత్తి పోయిన ఏడాది పురుగుమందు కొట్టే పంపుని ఎట్లా మార్చి చూశాడో, అది ఎందుకు పనిచేయలేదో ఒక పేరా నిండా రాశాడు. ఇంగ్లీషు అక్కడక్కడా కుంటింది గానీ, నేను చదివిన అన్నిట్లోకీ అదొక్కటే మనిషి రాసినట్టుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు ఆ రెండు పేరాలూ కొట్టేసి, పక్కన ‘నో క్లారిటీ’ అని రాసి, తమ దగ్గరున్న అచ్చు ఒకటి చేతిలో పెట్టారు. బొమ్మ కారు ఉన్నది. దానికి ఎనిమిది వేలు తీసుకున్నారు.

వీసా వచ్చింది. మెకానికల్‌లోనే చేరాడు. రెండో సెమిస్టర్ మధ్యలో, అసిస్టెంట్‌షిప్ దొరికిందని, వ్యవసాయ ఇంజనీరింగ్ డిపార్ట్‌మెంట్‌కి మారాడు. ఇంటర్వ్యూ చేసిన ప్రొఫెసరు అప్లికేషన్ కాగితాలు పక్కన పెట్టి, ఇంతకుముందు ఎప్పుడైనా పొలంలో పని చేశావా అని అడిగాడట. పంపు సంగతి చెప్పాడట. అది ఎందుకు పనిచేయలేదో గీసి చూపించమంటే బోర్డు మీద అరగంట గీశాడట. ఈ కబురు చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు అక్కడ అర్ధరాత్రి. ‘ఏందిరా, ఈ టైమ్‌ల?’ అన్నాను. ‘ఏం లేదురా, ఊకెనే’ అన్నాడు.